ఈక గాలం సంఘంలో అన్నయ్య చోటు

మా అన్నయ్య గాలం సంఘంలో తన చోటు నాకిస్తానన్న రోజు నేను అతన్ని తిట్టి వచ్చేశాను. అప్పటికే మనిషి సగమైపోయాడు. నాకంటే తొమ్మిదేళ్లు పెద్దవాడు. అయినా సరే, వాళ్లింటి అరుగు మీద, వదిన ముందే, నోటికెంత వస్తే అంత అన్నాను. నాకు కోపం ముందు వస్తుంది, బుద్ధి తరవాత వస్తుంది. మా ఇంట్లో అందరూ ఈ మాట అంటారు. నేనూ కాదనను.

అతను అడిగింది పెద్ద కోరికేం కాదు. పలాసలో ఆ రోజుల్లో ఒక గాలం సంఘం ఉండేది. రైల్వేలో సిగ్నళ్ల పని చేసి రిటైరైన ఒక పెద్దాయన దాన్ని నడిపేవాడు. వరసలతో పని లేకుండా అందరూ ఆయన్ని మావా అని పిలిచేవాళ్లు. ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎవరో ఆంగ్లో ఇండియన్ ఇంజను డ్రైవరు ఆయనకి ఈక గాలం నేర్పాడట. మామూలు గాలానికి వానపామునో రొయ్యనో గుచ్చుతాం. ఈక గాలానికి ఏమీ గుచ్చరు. కోడిపుంజు మెడ ఈకలు తీసి కొక్కేనికి పట్టుదారంతో చుడతారు. ముడి ఊడకుండా దాని మీద గోళ్లరంగు పూస్తారు. సన్నటి వెదురు కర్ర, మైనం పట్టించిన దారం. ఆ దారాన్ని తల మీదుగా వెనక్కీ ముందుకీ ఊపి ఊపి వదిలితే ఈక పురుగులాగా నీటి మీద వాలాలి. పండుగప్ప దాన్ని నిజమనుకుని మింగాలి.

చేపకి తిండైనా పెట్టకుండా చంపడం అని నేను దానికి పేరు పెట్టాను. సంతబొమ్మాళి అవతల ఉప్పుటేటి ఒడ్డున వీళ్లు వరసగా నిలబడి గాల్లోకి కర్రలు ఊపుతుంటే, వలలు భుజాన వేసుకుని పోయే జాలర్లు ఆగి చూసేవాళ్లు. "దోమల్ని తోలతన్నారేటి మావా" అని అడిగేవాళ్లు. పెద్దాయన పలికేవాడు కాదు. అన్నయ్య మాత్రం వెనక్కి తిరిగి నవ్వేవాడట.

సంఘం ఏ రోజు వెళ్లాలన్నదాని మీదే చాలాకాలం తగువు నడిచింది. సగం మంది మా బాప్టిస్టు వాళ్లు, ఆదివారం ఆరాధన మానరు. మిగతా సగం శనివారం చేపని ముట్టరు, సోమవారం ముట్టరు. అందులో ఒకాయన గురువారం కూడా ముట్టడు. ముట్టకుండా పట్టొచ్చు కదా అని ఎవరో అంటే పెద్ద రభసే అయిందట. చివరికి ఆదివారం, ఆరాధన ముగిశాక అని తేల్చారు. పాస్టరుగారి ప్రసంగం సాగిందా, ఏట్లో పోటు తీసిపోయేది. అలాంటి రోజుల్లో అన్నయ్య ఆఖరి పాట అందరికంటే వేగంగా పాడేవాడు. పక్కన నిలబడి నేను మోచేత్తో పొడిచేవాణ్ని.

ట్రెక్కర్ జీపులో ఎంతమంది పడితే అంతమందే సంఘం. ఒకసారి ఒక సభ్యుడు పోతే అతని చోటు నాదంటే నాదని అల్లుడూ మేనల్లుడూ చొక్కాలు పట్టుకున్నారు. పెద్దాయనకి విసుగొచ్చి ఒక పద్ధతి పెట్టాడు. చోటు ఎవరిదో ఆ మనిషే, బతికుండగా, తనకి కావలసినవాణ్ని ఏటి ఒడ్డుకి తీసుకురావాలి. తన కర్ర తన చేత్తో ఇవ్వాలి. ఏట్లో తాడుకి రాయి కట్టి ఒక కొబ్బరి డొప్పని తేలుస్తారు. కొత్తవాడు విసిరిన ఈక ఆ డొప్పకి జానెడు లోపల, వరసగా మూడుసార్లు వాలాలి. చోటు ఇచ్చేవాడు నిలబడి అది చూడాలి. చూసి, నాదైపోయింది, ఇక నీది అనాలి. అప్పటిదాకా చోటు పాతవాడిదే. అప్పజెప్పకుండా మనిషి పోతే చోటు కూడా అతనితోనే పోతుంది. జీపులో అప్పటికే అలాంటి ఖాళీలు రెండున్నాయి. ఎంత ఇరుగ్గా ఉన్నా వాటిల్లో ఎవరూ చేతిసంచి కూడా పెట్టరు.

అన్నయ్య తన చోటు ఖాళీ కాకూడదనుకున్నాడు.

మా ఉద్దానంలో కిడ్నీ జబ్బు గురించి ఎవరికీ చెప్పనక్కర్లేదు. వేరే చోట్ల పంటెలా ఉందని అడిగినట్టు మా దగ్గర రక్తపరీక్షలో క్రియాటినిన్ ఎంతుందని అడుగుతారు. చదువురాని ముసలమ్మలకి కూడా ఆ ముక్క తెలుసు. అన్నయ్య కొబ్బరితోటలో పొద్దంతా పని చేసుకునే మనిషి, జ్వరమొచ్చి పడుకోవడం నేనెరగను. ఒక పొద్దున చెప్పుల్లో పాదాలు పట్టలేదు. అప్పుడు పరీక్ష చేయించుకుంటే జబ్బు బాగా ముదిరిపోయిందన్నారు. కొన్నాళ్లకి వారానికి రెండుసార్లు రైలెక్కి విశాఖ వెళ్లి రక్తం శుభ్రం చేయించుకోవడం మొదలైంది. అలాంటి ఒక ప్రయాణం నుంచి వచ్చి, అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చుని, అతను ఆ మాట ఎత్తాడు.

"ఒరే తమ్ముడూ, వొచ్చే ఆదివారం ఏటికాడికి రా. నా కర్ర నీకిచ్చీత్తాను."

"నాకెందుకు?"

"ఎందుకేటి. సంఘంలో సేరుదువు గాని. నానున్నప్పుడే అయిపోవాల గదా."

నాకు ఒళ్లు మండిపోయింది. "సచ్చిపోతానని ముందే రాసీసుకున్నావేటి? నువ్వుండగానే నీ సెప్పుల్లో నన్ను కాళ్లెట్టమంటావేటి? బతకాలని నీకు లేకపోతే మానీ. నన్ను మాత్రం ఆ పనికి పిలవకు" అన్నాను. ఇంకా చాలా అన్నాను. పిరికివాడివన్నాను.

అతను అంతా విని, "నీకెవులితోటీ పడదు గదరా. ఆల్లతోటైతే పడతాది. గాలమేత్తన్నప్పుడు ఆల్లు మాటాడరు" అన్నాడు.

వదిన గుమ్మంలో నిలబడి కొంగు నోటికడ్డం పెట్టుకుంది. నేను బండెక్కి వచ్చేశాను.

ఆ తరవాత ఏడాది నేను చేసిన పనులు తలచుకుంటే నాకే సిగ్గేస్తుంది. నేను పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ని. పిక్కలు కాల్చడం దగ్గర్నుంచి గుండు వేరు, బద్ద వేరు చేయడం దాకా ఏది ఎక్కడ తప్పినా పట్టుకుని సరిచేయించడమే నా పని. అన్నయ్య జబ్బు కూడా అలాగే సరవుతుందనుకున్నాను. నా కిడ్నీ ఇస్తానన్నాను. రక్తం కలవలేదన్నారు. మందస కొండల్లో ఎవరో ఆకు మందు ఇస్తారంటే తెచ్చాను. స్వస్థత ప్రార్థనలని ఎక్కడ విన్నా అన్నయ్యని తీసుకెళ్లి ముందు వరసలో కూర్చోబెట్టాను. దేవుడికి కనపడాలని కాబోలు. దేనికీ ఏమీ కాలేదు. నేను ఆపలేదు. ఆపితే ఏమవుతుందో ఆలోచించడానికి నాకు ధైర్యం లేదు.

దాహం అతన్ని అన్నింటికంటే ఎక్కువ ఏడిపించింది. నీళ్లు కొలిచి తాగమన్నారు. వదిన పొద్దున్నే ఒక సీసాలో పోసి పెట్టేది, రోజంతా అవే. అన్నయ్య మూతలోకి వంచుకుని నాలుక తడుపుకోవడం నేను చూడలేకపోయాను. అప్పుడే నాకొక తెలివి పుట్టింది. జబ్బుకి నీళ్లే కారణమని మా వాళ్లందరి నమ్మకం. బోరు నీళ్లలో ఏదో ఉందన్నారు, బావి నీళ్లలో ఏదో ఉందన్నారు. కొబ్బరి బొండంలో నీళ్లని ఎవడు పాడు చేస్తాడు? మా దగ్గర జ్వరానికి బొండం, విరేచనాలకి బొండం, కడుపుతో ఉన్న మనిషికి బొండం, ఆసుపత్రిలో ఎవర్ని చూడబోయినా చేతిలో బొండం. పైగా తోట నిండా కాయలు. నేను రోజూ పనికి వెళ్లేముందు వాళ్లింటికి వెళ్లి రెండు దింపించి, కొట్టి, దగ్గరుండి తాగించేవాణ్ని.

వదిన ఒకసారి అడ్డం పడింది. "డాట్రుగారిని ఓమాటు అడుగుదుమేటి బాబూ" అంది.

"బొండానికి డాట్రేటి వదినా" అన్నాను.

అన్నయ్య నేను ఇచ్చింది తాగేవాడు. తాగి, నా మొహం చూసి, "సల్లగుందిరా" అనేవాడు. ఇప్పుడు తెలుస్తుంది, అది నా కోసం అన్నమాట.

ఒక పొద్దున అతను మంచం దిగబోయి దిగలేకపోయాడు. కాళ్లు చచ్చుబడినట్టయ్యాయి. గుండె ఆగి ఆగి కొట్టుకుంది. కారు మాట్లాడుకుని విశాఖ పరిగెత్తాం. దారి పొడుగునా నేను అతని మణికట్టు పట్టుకుని కూర్చున్నాను. మధ్యలో నాడి దొరక్కపోతే నా వేళ్లదే తప్పని అనుకున్నాను.

అక్కడ ఒక చిన్న వయసు డాక్టరమ్మ రెండు రోజులు కష్టపడి అతన్ని బతికించింది. తరవాత మమ్మల్ని పిలిచి ఏమేం తింటున్నాడని అడిగింది. వదిన చెబుతూ చెబుతూ బొండాల దగ్గరికి వచ్చి ఆగిపోయింది. "కొబ్బరినీళ్లు ఎవరు ఇస్తున్నారు?" అంది డాక్టరమ్మ. వదిన నేల చూపులు చూసింది. నేనేనని ఒప్పుకున్నాను. ఆ నీళ్లలో పొటాషియం ఉంటుందనీ, ఈ జబ్బున్నవాళ్ల ఒంట్లోంచి అది పోదనీ, పేరుకుంటే గుండె ఆగుతుందనీ చెప్పింది. తిట్టలేదు. "మీ ఉద్దానం నుంచి వచ్చేవాళ్లలో చాలామంది ఇదే తప్పు చేస్తారండీ. ఇంట్లో కాయలుంటాయి కదా" అంది. తిట్టి ఉంటే బాగుండేది.

అంటే ఇన్నాళ్లూ నేను నా చేత్తో, కత్తి పట్టుకుని కొట్టి మరీ, అతనికి విషం పోశాను. ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని తల బాదుకున్నాను. అది ఊరికే అంటున్న మాట కాదు, నుదురు వాచింది. ఇంటికొచ్చాక అన్నయ్య నా నుదురు చూసి, "దూలం తగిలినాదేటి" అని అడిగాడు. అవునన్నాను. బొండాల సంగతి అతను ఒక్కసారి కూడా ఎత్తలేదు.

ఆ వారమే నేను సంఘంలో చేరతానన్నాను. చేరడం ఇష్టమై కాదు. అతను నన్ను అడిగింది అదొక్కటే, నేను ఇవ్వగలిగింది ఇంకేమీ మిగల్లేదు.

అన్నయ్య మొహం వెలిగిపోయింది. అరుగు మీద కూర్చుని, పెరట్లో నన్ను నిలబెట్టి, నేర్పడం మొదలెట్టాడు. "సెయ్యి కాదురా, మనికట్టు. ఎనక్కి ఎల్లిన దారం నిటారుగా సాగేదాకా ఆగాల. నీకు ఆగడం రాదు గదా, అదే నీ రోగం." వెనక్కి విసిరాక ఒక్క క్షణం ఆగాలి, తొందరపడితే దారం కొరడాలా చప్పుడు చేసి ఈక తెగిపోతుంది. మొదట్లో వదిన చీరలకీ, జామచెట్టుకీ, ఒకసారి నా చెవికీ కొక్కెం తగిలింది. అన్నయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. చాలా నెలల తరవాత అతను నవ్వగా చూడటం. ఆ నవ్వు కోసమే ఇంకాస్త చెడగొట్టాను.

కానీ మూడు నాలుగు వారాల్లో పని పట్టుబడింది. నాకే ఆశ్చర్యం వేసింది. ఆ క్షణం ఆగడం ఎక్కడో నా చేతికి తెలిసింది.

మొదటి పరీక్ష ఆదివారం అందరం జీపులో ఉప్పుటేటికి వెళ్లాం. సంఘంలో లేనివాళ్లు జీపు వెనక చెక్క మీద కూర్చోవాలి. నేను అక్కడ కూర్చున్నాను. అన్నయ్య లోపల తన చోట్లో. ఒడ్డున పెద్దాయన డొప్పని తేల్చాడు. అన్నయ్య కర్ర నా చేతికిచ్చి వెనక నిలబడ్డాడు. మొదటి ఈక డొప్ప పక్కనే వాలింది. రెండోది ఇంకా దగ్గర. పెద్దాయన "ఊఁ" అన్నాడు, ఆయన నోట అది పెద్ద మెప్పు. మూడోసారి దారం వెనక్కి వేసి ఒక్కసారి అన్నయ్య వైపు చూశాను. అతని కళ్లలో ఆనందం ఉంది, దాని వెనకాల ఇంకొకటి ఉంది. పనైపోయిన మనిషి ముఖం. సంచి సర్దుకుని రైలు కోసం లేచి నిలబడ్డవాడి ముఖం.

ఇది పడితే అతనికి ఇక ఆగవలసిన పని ఏదీ లేదని నాకు తోచింది. అప్పజెప్పాల్సింది అప్పజెబితే మనిషి వెళ్లిపోతాడు. అప్పజెప్పనంతకాలం వెళ్లడు. డాక్టర్లూ ఆకు మందులూ ప్రార్థనలూ చేయలేనిది నా మణికట్టు చేస్తుందని ఆ క్షణాన గట్టిగా నమ్మాను. చేయి తొందరపెట్టాను. దారం టప్పుమంది. ఈక ఎక్కడో గడ్డిలో పడింది.

"పోన్లే, మల్లీ వారం" అన్నాడు అన్నయ్య.

మళ్లీ వారం రెండోది తప్పించాను. ఆ మళ్లీ వారం మొదటిదే. అలా ఏడు నెలలు. వానలున్న ఆదివారాలూ, అన్నయ్య లేవలేని ఆదివారాలూ తీసేస్తే, వెళ్లిన ప్రతిసారీ ఏదో ఒకటి తప్పించాను. సంఘంలో నా మీద జోకులు మొదలయ్యాయి. "బావ ఈకతో గడ్డి కోత్తన్నాడు" అని ఒకాయన. "జీడిపిక్కలు ఇసిరే సెయ్యది, ఈకలు ఇసరలేదు" అని ఇంకొకాయన. మామూలుగా అయితే అంతకంటే పెద్ద మాట అనేవాణ్ని. నోరు మూసుకుని వెనక చెక్క ఎక్కేవాణ్ని.

అయితే నాకు పౌరుషం ఎక్కడికి పోతుంది? ఫ్యాక్టరీ వెనకాల పిక్కలు ఆరబెట్టే కళ్లం ఉంది, సిమెంటు చేసి విశాలంగా ఉంటుంది. ఆడవాళ్లు పనిలోకి రాకముందు, తెల్లగా తెల్లారిన వేళ, ఒక నూనె డబ్బా రేకుమూత నేల మీద పెట్టి విసిరేవాణ్ని. పదికి పది మూత మీదే పడేవి. చేతకాకపోవడం వేరు, చేతనై మానడం వేరు అని నాకు నేను రుజువు చూపించుకునేవాణ్ని. ఆదివారం వెళ్లి మళ్లీ గడ్డిలో వేసేవాణ్ని.

అన్నయ్య తరిగిపోతూ వచ్చాడు. చేతి మీద సూదులు గుచ్చినచోట నరాలు తాళ్లలా లేచాయి. ఒళ్లంతా దురద. గోకి గోకి చర్మం చారలు కట్టింది. విశాఖ నుంచి వచ్చిన రోజు మాట్లాడే ఓపిక ఉండేది కాదు, తేరుకునేసరికి మళ్లీ వెళ్లే రోజు వచ్చేది. అయినా ఆదివారం వచ్చేసరికి చొక్కా మార్చుకుని కూర్చునేవాడు. చూశావా, పరీక్ష కోసం బతుకుతున్నాడు అని నేను లోపల మురిసిపోయేవాణ్ని. ఆ మురిపెంలో అతని దురదా నొప్పులూ నాకు సరిగ్గా కనపడలేదు. కనపడ్డా లెక్కలోకి తీసుకోలేదు. అది రాయడం ఇప్పటికీ కష్టంగానే ఉంది.

ఆఖరి ఆదివారం జీపు దిగి ఒడ్డుదాకా నడవడం అతని వల్ల కాలేదు. ఎత్తుకెళ్తామంటే వద్దన్నాడు. పెద్దాయన ఒక చూపు చూసి, డ్రైవరుతో జీపుని ఉప్పు బీడులోకి, ఎంత కిందికి దిగితే అంత కిందికి దింపమన్నాడు. "పోటు వొత్తంది. నీల్లే వొత్తాయి" అన్నాడు. అందరం ఎండలో కూర్చుని ఏటి కోసం ఎదురుచూశాం. ఎవరూ గాలం వేయలేదు. నీళ్లు సన్నగా బీడు మీద పాకుతూ వచ్చి చక్రాలకి తగిలాయి. పెద్దాయన మోకాళ్లలోతు నడిచి వెళ్లి డొప్పని తేల్చాడు.

అన్నయ్య జీపు కడ్డీ పట్టుకుని లేచి నిలబడ్డాడు. కర్ర నా చేతికిచ్చే ముందు నన్ను దగ్గరికి రమ్మన్నాడు. మిగతావాళ్లు కాస్త దూరంగా ఉన్నారు.

"కల్లంలో నిన్ను సూసినానురా" అన్నాడు.

కర్ర కోసం చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"శానాల్లైనాది. ఇశాక నుండి పొద్దుట బండికి దిగి, నీకాడ టీ తాగుదుమని వొచ్చినాను. గేటు సందులోంచి సూసినాను. రేకుమూత మీద ఒక్కటి తప్పలేదు. మావ కన్నా బాగ ఇసిరినావు."

"మరి సెప్పలేదేటి నాకు?"

"ఏటి సెప్తాను? నువ్వు తప్పించినప్పుడల్లా నాకూ బాగుండీది. ఇంకో వారం ఉండొచ్చనిపించీది." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "ఇంక సాల్రా. ఆదివారం దాకా ఉండాల, ఆదివారం దాకా ఉండాల అనుకోని ఉంటన్నాను. ఆ ఆదివారం అయితే మల్లీ ఇంకోటి. శానా అలిసిపోనాను. ఇశాక ఇంక ఎల్లనని మీ వదినకి సెప్పీసినాను. నన్నింక ఆపకు."

వదినకి తెలుసు. నాకు తెలియదు. నేను దేనికి అడ్డం నిలబడ్డానో అతను చెబితే గాని నాకు తెలియలేదు. చావుకి అడ్డం నిలబడ్డాననుకున్నాను. ఏడు నెలలుగా ఆ మనిషిని పట్టుకుని నొప్పిలోనే నిలబెట్టాను. బొండాలు పోసినవాణ్నీ నేనే, ఈకలు తప్పించినవాణ్నీ నేనే. రెండూ ప్రేమే అనుకున్నాను. ఇప్పటికీ వేరే పేరు తెలియదు.

కర్ర తీసుకున్నాను. నీళ్లలోకి నాలుగడుగులు వేశాను. ఈసారి నిజంగానే తప్పుతుందేమోనని భయం పట్టుకుంది. దేవుడా, ఇది పడనీ అని ప్రార్థించాను. అన్నయ్యని బతికించమని చేసిన ప్రార్థనలన్నీ గుర్తుకొచ్చాయి. దారం వెనక్కి వేసి, ఆగి, వదిలాను. ఈక డొప్ప అంచు మీద వాలింది. రెండోది దాని పక్కనే వాలింది. మూడోదానికి వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే చేయి మళ్లీ మాట వినదు. వదిలాను. ఈక గాల్లో కాస్త తేలి, డొప్పకి బెత్తెడు ఇవతల నీటి మీద కూర్చుంది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పెద్దాయన టోపీ తీశాడు.

"నాదైపోనాది" అన్నాడు అన్నయ్య వెనక నుంచి. గొంతు బాగా వినపడింది. "ఇంక నీది."

తరవాతి ఆదివారం దాకా అతను లేడు, నాలుగు రోజులకే పోయాడు. ఆ నాలుగు రోజుల గురించి రాయను. ఆ రోజు జీపులో తిరిగి వచ్చిన సంగతి మాత్రం రాస్తాను.

బయల్దేరేటప్పుడు అన్నయ్యని తన చోట్లో కూర్చోబెట్టబోతే ఒప్పుకోలేదు. "అది మా తమ్ముడి సోటు. నాను ఎనక సెక్క మీద కూకుంతాను" అన్నాడు. ఈ ఒక్కరోజుకీ ఫరవాలేదని పెద్దాయనే చెప్పినా వినలేదు. కూర్చోవడానికే ఓపిక లేని మనిషి వెనక చెక్క మీద, ఆ గతుకుల్లో ఎలా వస్తాడు? నాకు కోపం రావలసిన సమయం అది. రాలేదు. నేను లోపలికి వెళ్లి అతని చోట్లో, నా చోట్లో, కూర్చుని రెండు చేతులూ చాపాను. ఇద్దరు పట్టుకుని అన్నయ్యని తెచ్చి నా ఒళ్లో కూర్చోబెట్టారు. తల నా భుజం మీద వాల్చాడు. జీపు బీడు దాటి రోడ్డెక్కింది.

కొంతదూరం వచ్చాక, కళ్లు మూసుకునే, "బరువుగున్నానేటిరా" అని అడిగాడు.

లేదన్నాను. నిజంగానే బరువు లేడు. పలాస వచ్చేదాకా అంతమంది మధ్య నేను పైకే ఏడ్చాను.